కష్టించే చెయ్యి పోయినప్పుడు



ఎద్దు కాలు విరిగినచో ఆ దినమే పశువైద్యునికి కబురు పెట్టుదుము. కాని నూర్పిడి యంత్రములో పడి రైతు చెయ్యి పోయినను, తాటిచెట్టు మీదనుండి పడి నడుము విరిగినను "మా కర్మ" అని ఊరకుందుము. ఆసుపత్రి ఖర్చులకు పాడిగేదెను అమ్ముదురు. తరువాత పొలము తనఖాకు పోవును. భర్త పని చేయలేని యింట సేద్యమంతయు భార్య మీద పడును. ఆమె కూలికి కూడ పోవలసి వచ్చును. న్యాయముగా రావలసిన సాయము మాత్రము అడుగువారు లేక నిలిచిపోవును.

సాయమడుగుట నామోషీ యని కొందరి తలంపు. ఇది సరికాదని నా దృఢమైన అభిప్రాయము. ప్రీమియం కట్టి పొందు బీమా భిక్ష కాదు. వికలాంగులకు ప్రభుత్వమిచ్చు పింఛను దానము కాదు.

మొదట కావలసినది వైద్యులిచ్చు వైకల్య ధ్రువపత్రము. దీనినే మన పల్లెలలో సదరం సర్టిఫికెట్ అందురు. వైకల్యము 40 శాతము, ఆపైన ఉన్నట్లు అందులో ఉండవలెను. ఇది చేతికి వచ్చిన పిమ్మట పేద కుటుంబములవారు పింఛనుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఈ పింఛను తెలంగాణలో 2023లో నెలకు రూ. 4,016కును, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రూ. 6,000కును పెంచబడినది.

రెండవది ప్రధానమంత్రి సురక్షా బీమా. 18 నుండి 70 ఏండ్ల వయసు గలవారికి బ్యాంకు ఖాతా నుండి ఏటా రూ. 20 మాత్రమే తీసికొందురు. ప్రమాదములో ఒక కన్నుగాని, ఒక చెయ్యిగాని, ఒక కాలుగాని శాశ్వతముగా పోయినచో రూ. 1 లక్ష, రెండు కండ్లు లేక రెండు చేతులు లేక రెండు కాళ్లు పోయినచో రూ. 2 లక్షలు వచ్చును. ప్రమాదము జరిగిన 30 దినములలోగా బ్యాంకులో క్లెయిము పెట్టవలెను. చెట్టుపైనుండి పడినప్పుడు వెంటనే చేరిన ఆసుపత్రి కాగితములే ఆధారము, వాటిని పారవేయరాదు. వాహన ప్రమాదమైనచో పోలీసులకు తెలియజేయుట తప్పనిసరి. పక్షవాతము వంటి జబ్బులకు ఈ బీమా వర్తించదు. అట్టివారు పింఛను మార్గమే చూచుకొనవలెను.

తెలంగాణ రైతులు మరియొకటి గమనింపవలెను. 2018లో మొదలైన రైతు బీమా రైతు మరణించినప్పుడు కుటుంబమునకిచ్చునది, అంగవైకల్యమునకు కాదు. అది ఉన్నది గదా యని సురక్షా బీమాను వదలుకొనుట తెలివి కాదు.

ఈ పనులన్నియు చేయవలసినది ఎవరు? మంచముమీద నున్న భర్త కాదు, అతని యిల్లాలు. కాని చాల యిండ్లలో బ్యాంకు పుస్తకము, పాసుపుస్తకము, ఆధార్ కార్డు మగవాని పెట్టెలో ఉండును. ఏ ఖాతాలో ఏమున్నదో ఆమె యెరుగదు. ఆపద వచ్చిన తరువాత వాటిని వెదకుటలోనే గడువు దాటిపోవును. కావున భార్యాభర్తలు ఇరువురును ఈ బీమాలో చేరవలెను. కాగితములు ఇరువురకును తెలిసిన చోట ఉంచవలెను. ఏటా మే నెలాఖరుకు ఖాతాలో ప్రీమియమునకు సరిపడు సొమ్ము ఉన్నదో లేదో చూచుకొనవలెను.

మా శాఖ సిబ్బంది కూడ ఎరువులు, విత్తనముల మాటతోపాటు ఈ మాటయు ప్రతి రైతు సభలో చెప్పవలెనని నా కోరిక. సేద్యము చేయు మనిషి నిలబడనిదే సేద్యము నిలువదు. విత్తుటకు అదను ఉన్నట్లే దరఖాస్తుకును అదను గలదు. దానిని దాటనీయకుడు.