స్లైడులో చోటు దొరకని రాకెట్

పోయిన సెమిస్టర్ టెక్నికల్ సెమినార్‌కి నేను తీసుకున్న టాపిక్ 'రాకెట్ల చరిత్ర'. అందరూ చేసినట్టే చేశాను. మొదటి స్లైడులో గొడార్డ్, రెండోదాంట్లో వి-2, మూడోదాంట్లో వాన్ బ్రాన్ ఫొటో, ఆ తర్వాత ఏకంగా అపోలో. చివర్లో ఒక జూనియర్ లేచి, "అన్నా, మధ్యలో అమెరికా వాళ్ళు సొంతంగా ఏమీ చేయలేదా?" అని అడిగాడు. "పెద్దగా ఏం లేదు తమ్ముడూ, జర్మన్లే వచ్చి నేర్పారు" అన్నాను, మహా ధీమాగా. అది తప్పని తర్వాత తెలిసింది. వాడికి అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నా.

ఆ మధ్యలో వ్యాక్ కార్పొరల్ అనే రాకెట్ ఉంది. పొడవు 16 అడుగులు, అడ్డంగా ఒక్క అడుగు. 25 పౌన్ల పరికరాలను లక్ష అడుగులు, అంటే సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకి మోసుకెళ్ళాలని అమెరికా సైన్యం అడిగింది. కాల్‌టెక్‌కి చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఫ్రాంక్ మలినా అనే ఇంజినీర్ బృందం ఒప్పుకుంది. దీనికి గైడెన్స్ అస్సలు లేదు. 'వ్యాక్' అంటే దిశా నియంత్రణ లేనిది అని కొందరంటారు. కాదు, కార్పొరల్ అనే పెద్ద మిసైల్‌కి ఇది చెల్లెలు కాబట్టి సైన్యంలోని మహిళా దళం పేరు పెట్టారని ఇంకొందరంటారు.

గైడెన్స్ లేకుండా నిటారుగా ఎలా పోతుంది? నాకు బాగా నచ్చింది ఇక్కడే. దాని ఇంజిన్ థ్రస్ట్ 1,500 పౌన్లే. ఆ ఒక్కదానితో బయల్దేరితే మెల్లగా లేస్తుంది. రెక్కలు పనిచేయాలంటే గాలి వేగంగా తగలాలి, మెల్లగా లేచేదానికి ఆ గాలి ఎక్కడిది? పక్కకి వాలిపోతుంది. అందుకని కింద 'టైనీ టిమ్' అనే ఘన ఇంధన రాకెట్‌ని తగిలించారు. యుద్ధంలో విమానాల నుంచి వదలడానికి తయారైనదది. సుమారు 50,000 పౌన్ల తోపు, అదీ అర సెకనుకి కాస్త ఎక్కువసేపు మాత్రమే. 100 అడుగుల టవర్‌లో మూడు పట్టాల మధ్య నుంచి అది దీన్ని ఒక్క తన్ను తన్నేది. టవర్ దాటేసరికే రెక్కలకి పట్టు దొరికేంత వేగం వచ్చేసేది. రెక్కలు కూడా నాలుగు కాదు, మూడే. ఆ మూడు చాలతాయో లేదో చూడటానికి ముందు ఐదో వంతు సైజులో 'బేబీ వ్యాక్' చేసి 1945 జులైలో కాలిఫోర్నియా ఎడారిలో ఎగరేశారు.

ఇంజిన్ కూడా అంతే సాదా. ఒక ట్యాంకులో నైట్రిక్ ఆమ్లం, ఇంకోదాంట్లో అనిలిన్, ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్ మిశ్రమం. రెండూ కలిస్తే చాలు, వాటంతటవే అంటుకుంటాయి. ఇగ్నైటర్ లేదు, పంపు లేదు, నొక్కిపెట్టిన గాలే ఇంధనాన్ని తోసేది. మనం మినీ ప్రాజెక్టులో లైన్ ఫాలోవర్‌కి కూడా నాలుగు సెన్సర్లు అదనంగా పెడతాం, వైవాలో బావుంటుందని!

1945 అక్టోబర్ 11న న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి అది దాదాపు 70 కిలోమీటర్లు లేచింది. అడిగినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పట్టి తెచ్చిన వి-2ని అమెరికా గడ్డ మీద మొదటిసారి ఎగరేసింది 1946 ఏప్రిల్‌లో. అంటే ఆర్నెల్ల తర్వాత. నేను జూనియర్‌కి చెప్పిన "జర్మన్లే నేర్పారు" అక్కడే తేలిపోయింది.

తర్వాత ఇదే వ్యాక్‌ని వి-2 నెత్తిన కూర్చోబెట్టి 'బంపర్' అన్నారు. 1949 ఫిబ్రవరి 24న అది 390 కిలోమీటర్ల ఎత్తు దాటింది. 1950 జులైలో కేప్ కెనావరల్ నుంచి లేచిన మొట్టమొదటి రాకెట్ కూడా బంపరే. దీని డిజైన్ నుంచే ఏరోబీ పుట్టింది. 1947 నుంచి 1985 దాకా వెయ్యికి పైగా ఎగిరాయవి.

ఇంత చేసినా స్లైడులో ఎందుకు లేదు? నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. మనం రాకెట్ చరిత్రని హీరో సినిమాలా చదువుతున్నాం. వాన్ బ్రాన్‌కి ఫొటో ఉంది, డిస్నీ టీవీ కార్యక్రమం ఉంది, చంద్రుడున్నాడు. ఆయన వి-2లను కాన్‌సెంట్రేషన్ క్యాంపు ఖైదీల చేత సొరంగాల్లో చేయించారనీ, అక్కడ వేలమంది చచ్చిపోయారనీ నా స్లైడులో ఒక్క ముక్క లేదు. అటు మలినా ఆయుధాల పని ఇష్టంలేక 1947లో యునెస్కోలో చేరి పారిస్ వెళ్ళిపోయాడు. కమ్యూనిస్టు అన్న అనుమానంతో ఎఫ్‌బీఐ వెంటపడింది. పాస్‌పోర్టు దరఖాస్తులో పార్టీ సభ్యత్వం దాచాడని 1952లో కేసు పెట్టారు. నాజీ పార్టీ సభ్యుడికి ఎర్ర తివాచీ, సొంత ఇంజినీర్‌కి కేసు! అదే బృందంలోని చియెన్ షుయేసెన్‌ని అయితే 1955లో చైనాకి పంపించేశారు. ఆయన వెళ్ళి వాళ్ళకి మిసైళ్ళు చేసిపెట్టాడు.

మలినాని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన పనిచేసిన కార్పొరల్ కూడా ఆయుధమే, తర్వాత దానికి అణు వార్‌హెడ్ పెట్టారు. తను స్థాపకుల్లో ఒకడైన ఏరోజెట్ కంపెనీ షేర్లతోనే పారిస్‌లో హాయిగా బతికాడు. అక్కడ కదిలే కాంతి బొమ్మలు చేస్తూ, 1968లో 'లియొనార్డో' అనే కళా విజ్ఞాన పత్రిక పెట్టాడు. ఆ ముక్క మన సాహితీ క్లబ్బు వాళ్ళకి నచ్చుతుందని చేర్చాను.

మనకీ సౌండింగ్ రాకెట్లతోనే మొదలు. 1963 నవంబర్ 21న తుంబా నుంచి లేచింది నైకీ-అపాచీ, అదీ అమెరికాదే. 1971లో మన శ్రీహరికోట బోణీ చేసింది కూడా చిన్న రోహిణితోనే. ఫొటోలకి మాత్రం పెద్దవాటి దగ్గరే నిలబడతాం.

ఆ జూనియర్ ఇప్పుడు మా రాకెట్ మోడల్ టీమ్‌లో ఉన్నాడు. స్లైడు మార్చి చూపించా. చూసి, "అయితే మనమూ మూడు రెక్కలే పెడదాం అన్నా" అన్నాడు. నాలుగే కావాలని మిగతావాళ్ళు. రెండు వారాలుగా అదే గొడవ.