సంత రోజున ఒకసారి రండి

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి,

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా మన జిల్లా ఏర్పడినప్పుడు, ఆఫీసులతో పాటు ఆసుపత్రీ దగ్గరవుతుందని ఆశపడ్డాం. గిరిజన ప్రాంతంలో 3,000 మందికో ఉపకేంద్రం, 20,000 మందికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నిబంధన. జనాభా లెక్కన అది సరిపోవచ్చు. కానీ మా వైపు ఇరవై గడపలు కొండ మీద ఉంటే, పాతిక గడపలు వాగు అవతల ఉంటాయి. మొన్నటి వానల్లో నిండు గర్భిణి అయిన మా వదినను డోలీలో దించాం. బొంగు ఒరుసుకుని అన్నయ్య భుజం తోలు లేచిపోయింది. వాగు తీసేదాకా వదినకు గొడుగు పట్టుకుని గట్టునే నిలబడ్డాం.

అందుకే అడుగుతున్నాను, ప్రణాళిక వేసేటప్పుడు ఎంతమంది ఉన్నారన్నదే కాక, ఎన్ని గంటలు నడవాలో కూడా లెక్కలోకి తీసుకోండి. వారానికోసారి అందరం దిగేది సంతకే. టీకాలు, గర్భిణుల పరీక్షలు, ఆధార్ పనులు ఆ రోజే అక్కడ పెట్టించండి. నెలలు నిండినవాళ్లు ముందే వచ్చి ఉండడానికి సంత జరిగే ఊళ్లోనే వసతి చూపించండి.

బడిని మాత్రం కిందికి దించకండి. విద్యాహక్కు నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపే ఉండాలి. ఆ దూరాన్ని మ్యాపు మీద కాదు, ఆరేళ్ల పిల్ల నడకతో కొలిపించండి.

వచ్చే సంతకు మీరే రండి. పై ఊళ్లవాళ్లను ఏ వేళకు బయల్దేరారో అడగండి.

ఇట్లు,
మన్యం నుంచి ఒక పౌరురాలు