దీవిలో దిగాక ఏ బండి ఎక్కుదాం?

అండమాన్ వెళ్తున్నామనగానే అందరూ అడిగేది ఒకటే... ‘ఓడా, విమానమా?’ అని. విశాఖ నుంచి ఓడలో అయితే రోజులు పడుతుంది, విమానమే నయమని సలహా కూడా వాళ్లే చెప్పేస్తారు. అక్కడ దిగాక దేనిమీద తిరుగుతారని మాత్రం ఒక్కరూ అడగరు. మేమూ ఆలోచించలేదు. ఫలితం అనుభవించాం.

నేను, మావారు, ఏడో తరగతి చదివే మా అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య... మొత్తం నలుగురం. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు) ఏ ఇబ్బందీ లేదు. కారు మాట్లాడుకుని సెల్యులార్ జైలూ అవీ చూసేశాం. చిక్కంతా హేవ్‌లాక్‌తోనే. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. మన కారు ఈ ఒడ్డునే ఉండిపోతుంది. ఆ ఒడ్డున జెట్టీలో దిగాక మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాల్సిందే.

‘సముద్రం పక్కన స్కూటర్ నడపకపోతే ఇంత దూరం వచ్చి ఏం లాభం?’ అన్నారు మావారు. సరే, రెండు తీసుకున్నాం. అబ్బాయి నా వెనక, అత్తయ్య చీరలో ఆయన వెనక ఒక పక్కకి. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. కాస్త దూరం ఊళ్లూ వక్కతోటలూ, ఆ తర్వాత అడవి, ఎత్తుపల్లాలు, మలుపులు. వెలుగులో వెళ్తుంటే అత్తయ్య కూడా కూనిరాగం తీసింది.

మాకు తట్టనిది ఒక్కటే. మనం తూర్పుగా చాలా దూరం వచ్చేశాం, గడియారం మాత్రం మన ఊరిదే. డిసెంబరులో అక్కడ ఐదింటికల్లా సూర్యుడు మునిగిపోతాడు. రాధానగర్ వెళ్లేదే సూర్యాస్తమయం చూడ్డానికాయె! అది చూసి, కాళ్ల ఇసుక దులుపుకొని బండెక్కేసరికి అడవి దారిలో చిమ్మచీకటి. ఓ మలుపులో ఆయన బ్రేకు వేయగానే బండి జారింది. వేగం లేదు కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. అత్తయ్యకి దెబ్బ తగల్లేదు కానీ ఒళ్లంతా వణుకు. రోడ్డు పక్కన కూర్చుని ‘నన్ను ఇంటికి తీసుకెళ్లిపోరా’ అంది. హోటలుకేమో అనుకున్నాం. కాదు, ఇంటికే.

అప్పుడే ఓ ఆటో ఆగింది. మా మాటలు విని ‘అమ్మా, ఏ ఊరు మీది?’ అన్నాడు డ్రైవరు. వాళ్ల తాతది శ్రీకాకుళం వైపట. అండమాన్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. అత్తయ్యని ఎక్కించుకుని, మా స్కూటర్లకి లైటు చూపిస్తూ జెట్టీ దాకా నెమ్మదిగా వచ్చాడు.

మర్నాడు బళ్లు తిరిగిచ్చేస్తే పాత గీతలకీ మా దగ్గరే డబ్బు పట్టుకున్నారు. మీరు తీసుకునేటప్పుడే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. లైటూ, బ్రేకూ, హెల్మెట్లూ చూసుకోండి. లైసెన్సు ఒరిజినల్ దగ్గరుండాలి. కుర్ర జంటలకి స్కూటర్‌ని మించింది లేదని ఇప్పటికీ అంటాను, చీకటి పడకముందే తిరిగొస్తేనే సుమా. పెద్దవాళ్లుంటే మాత్రం ఆటోయే. రానూపోనూ, బీచ్ దగ్గర ఆగినంతసేపూ కలిపి ముందే బేరం మాట్లాడుకోండి. రాధానగర్‌కి బస్సు కూడా ఉంది, చవక. ఆఖరి బస్సు ఎప్పుడో కండక్టర్ని అడగకుండా దిగొద్దు. ఎలిఫెంట్ బీచ్‌కి ఈ బళ్లేవీ పోవు. జెట్టీ నుంచి పడవెక్కాలి, లేదంటే అడవిలో నడవాలి.

నీల్ దీవి (ఇప్పుడు శహీద్ ద్వీప్) చాలా చిన్నది. అక్కడ అబ్బాయికి సైకిలు ఇప్పించాం, మేం ఆటోలో వెనకాల. అక్కడి సహజ శిలాతోరణం దగ్గరికి వెళ్లాలంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్లాలి. అందుకని ఆటుపోట్ల వేళలు కనుక్కున్నాకే ఆటో మాట్లాడండి. రాళ్లమీద నడవలేనని అత్తయ్య ఆటోలోనే కూర్చుంది. మేం తిరిగొచ్చేసరికి డ్రైవరుతో వచ్చీరాని హిందీలో పిల్లల చదువుల దాకా వెళ్లిపోయింది.

వచ్చే ఏడాది లక్షద్వీప్ అంటున్నారు మావారు. ఓడా, విమానమా అని ఆయన లెక్కలు వేస్తుంటే అత్తయ్య వంటింట్లోంచే అడిగింది... ‘అక్కడ ఆటోలున్నాయట్రా?’