పద్యం చదివిన మేస్త్రీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన యింటికి మరమ్మతు చేయించి చూడమని మటుకు ఎవరూ అనలేదు. ఆ మాట అనవలసినవాళ్ళు అప్పటికి మాట్లాడే ఓపిక లేక వూరుకున్నారు కాబోలు. కొత్త యిల్లు కట్టేటప్పుడు మనం వేరే యింట్లో వుంటాం. సాయంత్రం అలా షికారుకు వెళ్ళినట్టు వెళ్ళి గోడలు చూసి వస్తాం. మరమ్మతు అలా కాదు. పుస్తకాల బీరువా వంటింట్లోనూ, గ్యాసు పొయ్యి పడకగదిలోనూ, ఇసుక అన్నంలోనూ వుంటాయి. మనం ఎక్కడుండాలో మేస్త్రీ చెబుతాడు.

కిందటి నెలలో మా కాలేజీ మిత్రుడొకరు యింటికి మరమ్మతు తలపెట్టి, "నీకు యీ విషయంలో అనుభవం వుందిటగా, మంచి మేస్త్రీని ఎలా పట్టుకోవాలోయ్?" అని అడిగారు. అనుభవం వున్న మాట నిజమే. అది ఎంతకు కొన్నానో యీ వారం చెబుతాను.

రాజమండ్రిలో మాది పాతికేళ్ళనాటి డాబా. మా నాన్నగారు రిటైరైన డబ్బుతో కట్టించారు. రెండేళ్ళ కిందట శ్రావణమాసం వానలకు పడమటిగది స్లాబు చెమర్చడం మొదలుపెట్టింది. చెమ్మ కాస్తా మచ్చ అయింది, మచ్చ పెచ్చు అయింది, వొకనాడు ఆ పెచ్చు వూడి నేను దిద్దుతున్న పరీక్ష పేపర్లమీద పడింది. పెరటివేపు స్నానాలగది గచ్చు కూడా పగుళ్ళు తీసి వుంది. అంచేత డాబా పైన నీళ్ళు దిగకుండా చేయించడం, స్నానాలగది పగలగొట్టి కొత్త టైల్సు వేయించడం, యీ రెండూ వొకేసారి కానిచ్చేద్దామనుకున్నాం.

ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూశారు. వొకాయన 2 లక్షల 10 వేలన్నాడు. రెండో ఆయన 1 లక్షా 95 వేలన్నాడు. మూడో ఆయన వస్తూనే గుమ్మంలో చెప్పులు విడిచి, నా బల్లమీద పుస్తకాలకేసి చేతులు జోడించి, "మేష్టారూ, తమరు తెలుగు చెబుతారటగా!" అన్నాడు. అని వూరుకోలేదు. గజేంద్ర మోక్షంలోంచి వొక పద్యం అందుకుని, విరవవలసిన చోట విరిచి, తడుముకోకుండా ఆఖరి పాదం దాకా చదివాడు. ఎం. ఏ. తరగతిలో అరవైమందికి పాఠం చెప్పే నాకు ఆ భాగ్యం కలిగి ఎన్నేళ్ళయిందో తెలియదు. తరవాత నింపాదిగా డాబా ఎక్కి దిగి, "తమదగ్గర ఎక్కువేం తీసుకుంటానండీ, 1 లక్షా 40 వేలిప్పించండి" అన్నాడు.

మా ఆవిడ నన్ను లోపలికి పిలిచింది. "ఏవండీ, ఆయన చేసిన పని వొక్క యింట్లోనైనా చూసి వద్దామండీ" అంది.

"భాగవతం నోటికి వచ్చినవాడు మోసం చేస్తాడటే?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. మా పెళ్ళయి యిరవై యేళ్ళు. ఆవిడ జవాబు చెప్పకపోతే ఏమిటి అర్థమో నాకు తెలుసు. తెలిసీ, ఆ పూటే 50 వేలు అతని చేతిలో పెట్టాను. రసీదు అడగడం మర్యాదగా వుండదనుకున్నాను.

మొదటి వారం నలుగురు మనుషులొచ్చి స్నానాలగది పగలగొట్టారు. రెండో వారం యిద్దరొచ్చారు. మూడో వారం వచ్చినవాళ్ళు మొదటివాళ్ళు కారు. పని ఎంతవరకు వచ్చిందో మమ్మల్నే అడిగారు. మేస్త్రీ ఫోను తియ్యడు. శనివారం మటుకు తప్పకుండా కనిపించేవాడు. "కూలీలకు బట్వాడా చెయ్యాలి మేష్టారూ" అని 15 వేలో, 20 వేలో పట్టుకుపోయేవాడు. పని సగం కాకుండానే సొమ్ము ముప్పాతిక వెళ్ళిపోయింది. అటుతరవాత అతను నన్ను బతిమాలడం మానేశాడు. నేనే అతన్ని బతిమాలడం మొదలుపెట్టాను.

తరవాత్తరవాత నాకు బోధపడిన సంగతి యిది. తక్కువకు వొప్పుకున్న మేస్త్రీ దగ్గర మన పని పూర్తిచేసే డబ్బు వుండదు. ఇంకొక చోట పని వొప్పుకుని, అక్కడి అడ్వాన్సుతో మన సిమెంటు కొంటాడు. అది చాలక మూడో యింటికి వెళతాడు. నేనిచ్చిన 50 వేలు ఏ పుణ్యాత్ముడి యింట్లో గోడ అయిందో! అతన్ని వొక్కణ్ణే అని ఏం లాభం? 55 వేలు తక్కువకు అదే పని ఎలా చేస్తావయ్యా అని నేను అడగనేలేదు.

మొత్తంమీద దసరాకు ముందు హడావిడిగా పని పూర్తయిందనిపించాడు. స్నానాలగది చూడబోతే మయసభే. అద్దంలాంటి నున్నని టైల్సు. భారతంలో మయుడు 14 నెలల్లో సభ కట్టాడు, ఖాండవంలో అర్జునుడు ప్రాణం కాపాడాడన్న కృతజ్ఞతతో కట్టాడు గనక అడ్వాన్సు ప్రసక్తి లేదు. అతని సభలో తప్పేమీ లేదు. నీళ్ళున్నచోట నేలలా కనిపించింది, దుర్యోధనుడు తడిశాడు. మా మేస్త్రీ పని అంతకు మించింది. గచ్చుకు వాటం తూమువేపు వుండవలసింది గుమ్మంవేపు యిచ్చాడు. ఎన్ని నీళ్ళు పోసినా గుమ్మం దగ్గర సన్నని పొరలా నిలిచేవి. పైకి కనిపించేవి కావు.

కార్తీకమాసంలో మా అమ్మ తెల్లవారుజామున స్నానం చేస్తుంది. ఆవిడకు 74 యేళ్ళు. నాలుగో రోజునో అయిదో రోజునో గుమ్మం దగ్గర జారింది. భారతంలో పడ్డవాణ్ణి చూసి ద్రౌపది నవ్విందంటారు. మా యింట్లో నవ్వినవాళ్ళు లేరు.

కుడిచేతి మణికట్టు విరిగింది. 6 వారాలు కట్టు. తుంటి విరగలేదు, అదృష్టవంతులు అన్నారు డాక్టరుగారు. నిజమే. కాని పుట్టి బుద్ధెరిగాక ఎడమచేత్తో అన్నం తినని మనిషి చెంచా పట్టుకుని కంచం తీసుకుని పెరటి వసారాలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి కూచుని తినేది. కోడలు కలిపి పెడతానన్నా వొప్పుకోలేదు. నన్ను చూసి, "నీ తప్పేముందిరా నాన్నా, నేను చూసుకోవద్దూ?" అంది. ఆ మాట అనకపోయినా బాగుండేది.

ఆ నెలలోనే వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిసింది. పడమటిగదిలో మచ్చ పాతచోటికే తిరిగి వచ్చింది.

పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ చెప్పే మా స్నేహితుడొకాయన వచ్చి చూశాడు. ధూళి కడగకుండా, పగుళ్ళు పూడ్చకుండా పైన రంగులాంటి మందు పూసి వెళ్ళిపోయాడన్నాడు. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా మెత్తితే నీరు నిలవదట; అక్కడ అసలు తాపీయే ఆడలేదు. "కాయితం ఏదీ?" అన్నాడు. లేదన్నాను. "రసీదులు?" అన్నాడు. భాగవత పద్యానికి రసీదు ఎక్కడినుంచి తెస్తాను?

ఇక్కడ పాఠకులకు వుపయోగపడే మాట వొకటి. చేసిన పని బాగాలేకపోతే మనకు దిక్కులేదనుకుంటాం. ఇళ్ళ నిర్మాణం కూడా వినియోగదారు చట్టం కిందికి వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తీర్పు చెప్పింది. 2020 జూలైలో అమలుకు వచ్చిన 2019 నాటి కొత్త చట్టంలోనూ ఆ మాట వుంది. 2 సంవత్సరాలలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. యిచ్చిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుం కూడా లేదు. కాని ఏం చేస్తానన్నాడో, ఎంత పుచ్చుకున్నాడో రుజువు చెయ్యాలి గదా! కనీసం ఫోన్లో పంపినా బ్యాంకులో గుర్తు వుండేది. నేను మర్యాదస్తుణ్ణి కనక నోట్లు లెక్కపెట్టి చేతికిచ్చాను.

రెండో మేస్త్రీని వెతికింది మా ఆవిడ. హైదరాబాదులో మా తమ్ముడు, "ఇప్పుడు ఫోన్లో నక్షత్రాలు చూసి పిలిపించుకుంటున్నారన్నయ్యా" అని సలహా చెప్పాడు. అశ్విని మొదలు రేవతి దాకా 27 నక్షత్రాలు చూసి శంకుస్థాపన చేసిన దేశంలో 5 నక్షత్రాలతో సరిపెట్టుకోవడం తేలికే. కాని ఆ నక్షత్రాలు చాలామంది వేసేది పని ముగిసిన మర్నాడు. పని సంగతి చెప్పవలసింది వాన.

మా ఆవిడ పద్ధతి వేరు. మూడేళ్ళ కిందట స్నానాలగది బాగుచేయించుకున్న వాళ్ళెవరని వీధిలో ఆడవాళ్ళను వాకబు చేసింది. వెనకవీధిలో వొకరింటికి పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి, గోడ అడుగున చెమ్మ వుందా, టైల్సు చప్పుడు బోలుగా వుందా అని తట్టి చూసింది. పని అయ్యాక పిలిస్తే వచ్చాడా అని అడిగింది. ఇదంతా నేనైనా వూహించగలను. ఆవిడ యింకొకటి చేసింది. అతను ఆ రోజుల్లో ఎక్కడ పనిచేస్తున్నాడో తెలుసుకుని, శనివారం సాయంత్రం అక్కడి మీదుగా కూరలకు వెళ్ళింది. అరుగుమీద కూచుని కూలీలకు బట్వాడా చేస్తున్నాడట. ఇసుక మోసే ఆడమనిషిని, "ఎన్నాళ్ళబట్టి యీయన దగ్గర చేస్తున్నావమ్మా?" అని అడిగితే, "పన్నెండేళ్ళండి" అందిట.

"కూలీల దగ్గర రూపాయి ఎగ్గొట్టేవాడు మన దగ్గర సిమెంటు ఎగ్గొట్టకుండా వుంటాడా అండీ?" అంది మా ఆవిడ. ఏ ఇంజనీరింగు పుస్తకంలోనైనా యీ సూత్రం వుందేమో మా స్నేహితుణ్ణి అడగాలి.

ఆయన వచ్చాడు. అరవై యేళ్ళుంటాయి. నా పుస్తకాలకేసి చూడనైనా లేదు. "వో చెంబుడు నీళ్ళిప్పిస్తారా అమ్మగారూ?" అన్నాడు. ఎండన పడి వచ్చాడని మా ఆవిడ కుండలో చల్లటి నీళ్ళు తెచ్చింది. ఆయన చెంబు తీసుకెళ్ళి స్నానాలగదిలో కుమ్మరించి, గొంతుక్కూచుని నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ వుండిపోయాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు లేచి, "అడుక్కి పావంగుళమైనా వాటం వుండాలండి, ఆయ్. ఇది వెనక్కుంది. గచ్చంతా తియ్యాలండి" అన్నాడు. డాబా ఎక్కి మళ్ళీ చెంబుడు నీళ్ళు అడిగాడు.

రెండు పనులకూ 1 లక్షా 70 వేలన్నాడు. నేను బేరమాడబోయాను. "తగ్గిస్తే ఏది తగ్గించమంటారో మీరే చెప్పండి, అది మానేద్దాం" అన్నాడు నెమ్మదిగా. వెయ్యి రూపాయలు కూడా తగ్గలేదు.

మా స్నేహితుడు చెబుతూ వుంటే అన్నీ కాయితంమీద పెట్టాను. టైల్సు గరుకువి, ఏ కొలత. సామాను ఎవరు కొంటారు. పగలగొట్టిన రద్దు ఎవరు ఎత్తించాలి. గొట్టాల పని యిందులో కలిసిందా, వేరా. నూటికి తొంభై తగాదాలు ఆ రద్దు దగ్గరే వస్తాయట. సొమ్ము మొదట 20 వేలే, తరవాత పని నడిచినకొద్దీ. ఆఖరు 10 వేలు మళ్ళీ వర్షాకాలం వెళ్ళాక. ప్రభుత్వం వారు కూడా కంట్రాక్టర్ల సొమ్ము కొంత యిలాగే పట్టివుంచుతారన్నాడు మా స్నేహితుడు. యీ షరతుకు ఆయన నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను. మూడుసార్లు చదివించుకుని విని, సంతకం పెట్టి, "నాకూ వో కాపీ యిప్పించండి" అన్నాడు.

పనిలో ఆయనకు వుండే పట్టింపులు వింటే మన ఛందస్సు ఏపాటి అనిపించింది. సిమెంటు బస్తా మీద వారమూ, సంవత్సరమూ అచ్చువేసి వుంటాయి. 3 నెలలు దాటిందని రెండు బస్తాలు తిప్పి పంపాడు. గోదావరి ఒడ్డున వుండి యిసుకను అనుమానించాడు. గుప్పెడు తీసి గాజుగ్లాసు నీళ్ళలో కలిపి, పైన మట్టి ఎంత తేరుతుందో చూశాడు. డాబా పైన పని అయ్యాక 10 రోజులపాటు రోజుకు మూడుసార్లు తడపమని మాకు అప్పగించాడు. వొకరోజు మధ్యాహ్నం నేను కునుకు తీసి మరిచిపోతే, విద్యార్థిని మందలించినట్టు మందలించాడు. ఆ తరవాత తూములన్నీ గుడ్డలు కుక్కి మూసి, డాబామీద రెండంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టించాడు. నేను టార్చిలైటు పట్టుకుని పడమటిగదిలో గ్రహణం చూసేవాడిలా పైకి చూస్తూ గడిపాను. ఏమీ రాలేదు.

మొదటి మేస్త్రీ కిందటి వేసవిలో బజారులో ఎదురుపడ్డాడు. "మేష్టారూ, కులాసాయా?" అంటూ పద్యం ఎత్తుకోబోయాడు. మా అమ్మ చెయ్యి సంగతి చెప్పాను. రెండో పాదంలో ఆగిపోయాడు. కాస్సేపు నిలబడి, వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆశ్వయుజం వెళ్ళాక రెండో ఆయన వచ్చాడు, కాయితంలో వున్న ప్రకారం. నేను 10 వేలు తీసి సిద్ధంగా పెట్టాను. ఆయన డబ్బు మాట ఎత్తకుండా, "వో చెంబుడు నీళ్ళండి" అన్నాడు. ఈసారి మా ఆవిడ కుండ జోలికి పోలేదు. కుళాయి నీళ్ళు పట్టి యిచ్చింది. ఆయన స్నానాలగదిలో కుమ్మరించాడు. మా అమ్మ కూడా వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. నీళ్ళు తూములోకి వెళ్ళిపోయేదాకా మేం నలుగురం చూస్తూ నిలబడ్డాం.