గాలి ఆగాక మొదలయ్యే తుపాను

గాలి ఆగితే గండం గడిచినట్టేనా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. హోరు ఒక్కసారిగా ఆగింది. డాబా మీద ట్యాంకు ఏమైందో చూసొస్తానని పక్కింటావిడ బయల్దేరితే మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ''ఆగమ్మా, గాలి దిక్కు మార్చుకుని మళ్ళీ వస్తుంది'' అన్నారు. అలాగే వచ్చింది. తుపాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు వచ్చే దొంగ విరామం అది.

1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో మరణాలు పదుల్లో ఆగాయి. ముందస్తు హెచ్చరికలు, తరలింపులు చేసిన మేలిది. కాదనలేం. మరి ఆ తర్వాతి రోజుల మాటేమిటి?

మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. మూడో అంతస్తుకి బిందెలు మోసిందెవరు? బురద ఎత్తిపోసిందెవరు? జ్వరమొచ్చిన పిల్లల దగ్గర కూచున్నదెవరు? మనమే కదా!

ఆ హడావిడిలోనే ప్రమాదాలూ పొంచి ఉంటాయి. స్విచ్‌బోర్డు తడిస్తే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వెయ్యకూడదు. తెగిపడ్డ తీగ దరిదాపులకు పోకూడదు. జనరేటర్ని వరండాలో కూడా పెట్టొద్దు. దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. తాగే నీళ్ళు తెర్లేదాకా కాచాలి. కుదరకపోతే క్లోరిన్ బిళ్ళ వేసి, ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆగాలి. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్‌లోని పాలు, కూరలు పారబొయ్యడమే మంచిది. మనసొప్పదు, నిజమే. కానీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి వెళ్ళే దారి కూడా ఉండదు.

ఇంత చాకిరీకీ లెక్క ఎక్కడుంది? నష్టం జాబితాలో ఇళ్ళు, పంటలు, పడవలు ఉంటాయి. నాలుగిళ్ళలో పనిచేసే మా రమణమ్మకు పదిరోజుల జీతం పోయింది. ఏ జాబితాలోనూ అది ఎక్కలేదు. మా వీధికి వచ్చిన సాయంలో బియ్యం, పప్పు ఉన్నాయి. వండుకునే దారి లేదు. నెలసరికి కావలసినవీ లేవు. జాబితా రాసినవాళ్ళలో ఒక్క ఆడమనిషి ఉన్నా అవి గుర్తొచ్చేవి.

వచ్చే తుపానుకు కొవ్వొత్తులు, మంచినీళ్ళు, మందులు ఎలాగూ సిద్ధం చేసుకుంటాం. దాంతో సరిపెట్టుకోవద్దు. నష్టం రాసుకునేవాళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు తలుపు చాటున నిలబడకుండా, మన నష్టం కూడా రాయించుదాం.