అడుగేస్తే కరెంటు రాదు బాబూ!

మొన్న పండక్కి కురుపాం వెళ్తే మా పిన్ని కొడుకు తన ఇంజనీరింగ్ ప్రాజెక్టు చూపించాడు. చెక్క మీద పైజో బిళ్ళలు, కాలేస్తే ఎల్ఈడీ వెలుగుతుంది. "అన్నయ్యా, కొండమీద ఊళ్ళలో ఇవి పరిచేస్తే కరెంటు ప్రాబ్లం సాల్వ్!" అన్నాడు. నేను చదివేటప్పుడూ ఇదే ప్రాజెక్టు, ఇదే డైలాగు. ఇలాంటి షోల వల్లే పనికొచ్చే టెక్నాలజీ నవ్వులపాలవుతోందని నా ఏడుపు.

లెక్క చూడండి. 60 కిలోల మనిషి పలకని 5 మిల్లీమీటర్లు కిందికి తొక్కితే దొరికేది 3 జౌల్స్. ఫోను బ్యాటరీ నిండాలంటే 50 వేల పైనే కావాలి. ఒక్కటీ వృథా కాకపోయినా సుమారు 17 వేల అడుగులు! అంత ఓపికుంటే నడిచి సంతకెళ్ళి రావచ్చు.

ఇహ అసలు విషయం. మా పక్క మండలం కొమరాడలో, కూనేరు దగ్గర, 2017 జనవరి 21 రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది పోయారు. హార్వెస్టర్ ఉంటే అది ఆగేదని నేననను. కానీ ఆ లైన్లో తిరిగే గూడ్సు వ్యాగన్లలో కరెంటుండదు, కుదుపు మాత్రం బోల్డంత. బేరింగు వేడెక్కితే చెప్పే సెన్సారు పెడితే, వేల వ్యాగన్లకి బ్యాటరీలెవరు మారుస్తారు? ఇంగ్లండులో సౌతాంప్టన్ యూనివర్సిటీ నుంచి 2004లో పుట్టిన పర్పెట్యూమ్ కంపెనీ, రైలు కుదుపులతోనే నడిచే సెన్సార్లు చేసింది. 2021లో దాన్ని హిటాచీ రైల్ కొనేసుకుంది.

మరి మనమేం చేస్తున్నాం? ల్యాబులో ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఊపి, గరిష్ఠంగా వచ్చిన పవర్ చూపించి చప్పట్లు కొట్టించుకుంటాం. ఆ ఫ్రీక్వెన్సీ తప్పిందా, హార్వెస్టర్ చతికిలబడుతుంది. రైలేమో ఒకే స్పీడులో పోదాయె! మెరుగుపరచాల్సింది అక్కడ. అయస్కాంతాలు పెట్టో, ఇంకోలాగో, ఎక్కువ ఫ్రీక్వెన్సీలకి ఊగేలా చెయ్యాలి. గరిష్ఠం కాదు, రోజంతా సగటు చెప్పాలి.

సగటున 100 మైక్రోవాట్లొస్తే చాలు, రోజుకి 8.64 జౌల్స్. 100 మిల్లీవాట్ల రేడియో ఒక సెకను పనిచేస్తే ఖర్చు 0.1 జౌల్. నిద్రకీ లీకేజీకీ సగం పోయినా రోజుకి 40 కబుర్లు పంపొచ్చు. కాకపోతే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఊరికే చిప్పుని నిద్రలేపుతూ ఉండకూడదు. ఈ పాపంలో నాకూ వాటా ఉంది లెండి.

తమ్ముడికి ఇదే చెప్పా. "ఎల్ఈడీ పీకేసి కెపాసిటర్ పెట్టు. బస్సు సీటు కింద కట్టి కురుపాం నుంచి పార్వతీపురం దాకా వెళ్ళు. ఎన్ని జౌల్స్ పోగయ్యాయో రాసుకో."

"ఆ నంబరు చూసి ఎవరూ చప్పట్లు కొట్టరన్నయ్యా" అన్నాడు, మొహం మాడ్చుకుని.

కొట్టకపోతే పోనీ! మీరేమంటారు?