ముద్రను నానబెట్టకండి

మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఉత్తరాల మీది తపాలా బిళ్ళలన్నీ చిన్నప్పుడు నీళ్ళలో నానబెట్టి ఊడదీశాను. బిళ్ళలు దక్కాయి. ముద్రలో సగం, దాంతోపాటు ఊరి పేరూ తేదీ, కవరుతో చెత్తలో కలిశాయి. చేసిన తప్పు అరవయ్యేళ్ళు వచ్చాక గానీ తెలిసిరాలేదు.

బిళ్ళ లక్షల్లో అచ్చవుతుంది. ముద్ర మాత్రం ఒక ఊళ్ళో, ఒక రోజున, ఒక చేతి దెబ్బకి పడుతుంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి విమానంలో వెళ్ళిన ఉత్తరాలనే చూడండి. వాటి మీది బిళ్ళలు మామూలువే. విమానం బొమ్మతో కొట్టిన ముద్రే వాటికి ప్రాణం. రైలు తపాలా వాళ్ళ ఆర్‌ఎంఎస్ ముద్రలు ఉత్తరం ఏ దారిన వచ్చిందో చెబుతాయి.

ఇప్పుడు కౌంటర్లో బార్‌కోడ్ స్టిక్కరు అతికిస్తున్నారు. పని తేలికే, కాదనను. కానీ బిళ్ళ అంటించిన కవరు మీద పెన్నుతో గీత గీసి వదిలేయడం అన్యాయం. మొన్న నాకొచ్చిన కవరుకి అదే గతి పట్టింది. గుండ్రని ముద్ర శుభ్రంగా పడాలంటే కాస్త సిరా, కాస్త ఓపిక చాలవూ?

మీ ఇంట్లో పాత కవర్లుంటే నానబెట్టకండి. వీలైతే కవరంతా దాచండి. లేదా ముద్ర చుట్టూ అంగుళం వదిలి కత్తిరించండి. ముద్రలోని ఊరు మ్యాపులో ఎక్కడుందో పిల్లల్ని వెతకమనండి.